సున్నా టికెట్ల వెనక

మే నెల.
దేవరకొండ డిపోల నాలుగున్నరకే
ఇంజన్లు దగ్గుడు షురువైతది.
ఖాకీ గుండీలు పెట్టుకుంటనే రంజన్ల నీళ్లు నింపి,
అన్నం వార్చి, పచ్చిపులుసు పిసికి,
ఒకరి మీదొకరు కాళ్లేసి పండుకున్న ఇద్దర్ని
దాటుకుంట బయటపడుత.
పిల్లదాని మడిమె నా కొంగు మీదుంటది.
మెల్లగ గుంజుకుంట.

బడి ఉన్నన్నాళ్లు బడే కాపలా.
ఎండకాలం ఎవరు?
ఆయన బోరుబండి మీద పోయిండు, వాళ్లకు ఇదే సీజను.
ఏడు వందల ఫీట్లకు గూడ దుమ్మే లేస్తుందట.
అత్త సాయమ్మకు కళ్లు మసక, చెవులు మాత్రం పదును.
'అద్దం పలిగిందే!' అని ఫోన్ జేస్తది
బస్సు సరిగ్గ అంగడిపేట స్టేజి కాడ కిక్కిరిసినప్పుడు.
ఎవరి అద్దం?
'ఎదురింటోళ్ల కిటికీది. ఆ రాజు గాడు సిక్సు గొట్టిండు,
బాలు మనోడు ఎత్కపోతే మనోన్నే పట్టుకున్నరు.'
ఒక చేత్తోని కడ్డీ, ఒక చేత్తోని మిషిను,
చెంపకూ భుజానికీ నడుమ ఫోను.
నాకు కోపం రావాలె.
'ఎంత దూరం కొట్టిండు?' అని అడిగిన.
ముందు సీట్ల ముసలామె నోట్ల కొంగు వెట్టుకొని నవ్వింది.

ఆధార్ కార్డు చూపియ్యమ్మా. సున్నా.
అంగడికా. సున్నా.
దవాఖానకా, తల్లిగారింటికా, ఊకెనే తిరిగొద్దామనా,
సున్నా, సున్నా,
మిషిను నాలుక సాపుకుంట కాయితం కక్కుతది.
రోల్ అయిపోయే ముంగట గులాబి గీత వడ్డ కొసలు
రోజూ సంచిల ఏసుకొస్త.
వాటి వెనక తెల్లగుంటది.
దాని మీద నా బిడ్డ శ్రీనిక స్కోరు రాస్తది.

గల్లీల పిలగాండ్లు దాన్ని ఆడనియ్యరు.
ఆరేండ్ల వేదాంశ్‌నన్న మోరీలకెళ్లి బాలు తీయనీకి పిలుస్తరు,
తొమ్మిదేండ్ల దాన్ని లెక్కలకు కూసోబెట్టిర్రు.
ఎవడు ఎన్ని కొట్టిండు, ఎవడు సున్నాకు పోయిండు,
వంకర లేకుండ రాస్తది.
దాని పేరు మాత్రం ఏ కాయితంల లేదు.
రాత్రి చిల్లర లెక్కవెట్టుకుంట అన్నీ తిరగేసిన.
ఏమనలే.

వారం ఆఫు నాడు, పొద్దు వాలినంక,
నీళ్ల టాంకీ ఎనుక జాగల ముగ్గుపిండితోటి గీతలు గీసిన.
రెండు కట్టెలు పాతిన. ఒకటి పారకట్టె,
ఒకటి అత్త చేతికర్ర, అడగకుండ తెచ్చింది.
ఒకరిటు మొఖం, ఒకరటు మొఖం, కూసోండ్రి అన్న.
'ఆంటీ, ఇది ఆడోళ్ల ఆట' అన్నడు సిక్సు రాజు.
'అయితే నన్ను ముట్టు సూద్దాం.'
వేదాంశ్ చేతిల ఫోనిచ్చి టైము సూడుమన్న.

చీర బొడ్లె చెక్కుకొని ఉరికిన.
కట్టె కాడ మలుగుడు పాదాలకు యాదికున్నది,
మోకాలికి లేదు.
ఒక్కొక్కడు వచ్చి దుబ్బల పడుడే.
చెప్పు తెగితే ఇడిశిపెట్టిన.
కిటికీ పలిగిన సునందక్క గోడ మీదికెళ్లి సూస్తుంది,
అద్దం పైసలు అడగనీకే వచ్చింది, అడగలే.

మల్ల నా వంతు వరసల కూసునుడు.
చేతులు నేలకానిచ్చి, ఒక మడిమె లేపి,
జిల్లా పరిషత్ బడిల కూసున్నట్టే.
ఎవరన్న లేపేదాక ఎదురుసూసుడు
అప్పుడే నేర్సుకున్ననేమో.
ఇంతల వీపు మీద చిన్న అరచెయ్యి,
దబ్బున,
'ఖో!'
లేసినని తెల్వకముందే లేసిన.

తెల్లారి బాము వాసనతోటి డ్యూటీ.
'ఏందక్కా, యుద్ధానికి పోయినవా' అన్నడు డ్రైవర్ మల్సూరన్న.
రైట్ రైట్ అన్న.
మల్లేపల్లి కాడ ఒకాయన ఐదువందల నోటు సాపిండు.
చిల్లరకు సంచిల చెయ్యి వెడితే
అడుగున మడత కాయితం, గులాబి గీతది.
'అమ్మ. రెండు నిమిషాల పదకొండు సెకన్లు.'
దాని కింద, జర చిన్నగ,
'పట్టింది శ్రీనిక.'
'అక్కా, చిల్లర' అంటున్నడాయన.
ఆగన్నా. ఇస్త.